ఉనమాకి దారిలో సర్కారు అంగడి

కెనడా దేశపు నోవా స్కోషియా రాష్ట్రమందలి హాలిఫాక్సు నగరమున స్ప్రింగ్ గార్డెన్ రోడ్డను వీధి దుకాణములతోడను, గ్రంథాలయముతోడను, విద్యార్థుల సందడితోడను నిండి, రేవు వైపునుండి వీచు ఉప్పుగాలితో ఎల్లవేళల చల్లగా నుండును. ఆ ప్రాంతముననే, పూర్వము గవర్నరు తోట యుండినదని చెప్పబడు చోట, 1761 జూన్ 25వ తేదీన, అచ్చటి ఆదివాసులగు మిక్‌మాక్ జాతి పెద్దలును బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధులును సమావేశమై, చిరకాలముగా తమ నడుమ సాగుచున్న యుద్ధమునకు స్వస్తి చెప్పి, గొడ్డలిని భూమిలో పాతిపెట్టి, మైత్రీప్రమాణములు చేసికొనిరి. ఓడరేవును, కోటను చూచిపోవు యాత్రికులలో ఈ వీధిలో ఒక్కనిమిషము నిలుచువారు అరుదు. నా యాత్రకు మాత్రము ఇదియే మొదటి మజిలీ.

ఆ ఒడంబడికల పరంపరలో 1760 మార్చి 10వ తేదీ నాటి పత్రమునందు ఒక షరతు కలదు. మిక్‌మాకులు తమ సరకును గవర్నరు నియమించిన సర్కారు అంగళ్లలో, ట్రక్‌హౌసులని నాడు వానికి పేరు, తప్ప అన్యత్ర అమ్మరాదని దాని సారాంశము. ఫ్రెంచివారితో వారికి గల వర్తకసంబంధమును తెంచవలెనను రాజనీతి దాని వెనుక నుండెననుట నిజమే. కాని ఇచ్చటనే అమ్మవలెనని ఒకరిని కట్టడి చేసిన ప్రభువు, ఇచ్చట కొనుటకు తానును కట్టుబడినవాడే యగును గదా! బీవరు చర్మమును మానదండముగా గైకొని తక్కిన చర్మములకు వెలలు నిర్ణయించిరి, అంగళ్లు తెరచిరి, ఖజానాకు నష్టము వచ్చుచున్నదని 1762లోనే ఆ ఏర్పాటును మార్చివేసిరి. అంగడి పోయెను, షరతు పత్రమున నిలిచెను. కెనడా ప్రభుత్వము నేడు తన కొనుగోళ్లలో ఆదివాసి వ్యాపారులకు నిర్ణీతమైన పాలు కల్పించుచు, దానిని ఆర్థికసయోధ్య యని పేర్కొనుచున్నది. ఆ ప్రయత్నమెట్లున్నదో కన్నులార చూడవలెనని ఉనమాకికి, అనగా పటములందు కేప్ బ్రెటన్ అని వ్రాయబడు దీవికి, బయలుదేరిన నాకు, ఈ అంగడి వృత్తాంతము ముందుగా తెలియుట మేలే యైనది. నూతనముగా చూపబడుచున్న ఔదార్యమని నేను వినివచ్చినది, రెండువందల అరువది యేండ్ల నాటి పాతబాకీ యని ఆ పత్రమే తెలిపెను.

సిడ్నీ పట్టణమందలి కేప్ బ్రెటన్ విశ్వవిద్యాలయమున చదువుచున్న తెలుగు యువకుడొకడు, సెలవులు ముగియుటచే తిరిగి పోవుచు, తన కారులో నాకు చోటిచ్చెను. పార్వతీపురపు వాడు, మితభాషి, దారి బాగుగ నెరిగినవాడు. ఉత్తరముగా పోవుచుండగా షుబెనకాడీ గ్రామము దాటితిమి. 1930 నుండి 1967 వరకు మిక్‌మాక్ పసిబిడ్డలను తలిదండ్రులనుండి వేరుచేసి, మాతృభాష మాటాడిన దండించి, ఉంచిన ఆవాసపాఠశాల ఇచ్చటనే యుండెను. దేశమంతటను అట్టి పాఠశాలలలో లక్షన్నర మంది బిడ్డలు పెరిగిరి. వారి గోడును విని, 2015లో సత్యసయోధ్యా సంఘము 94 విజ్ఞాపనలు ప్రకటించెను. వానిలో 92వది వ్యాపారలోకమునకు ఉద్దేశింపబడినది. ఉద్యోగములందును శిక్షణయందును ఆదివాసులకు న్యాయమైన అవకాశము నీయవలెనని, వారి భూములలో పనులు తలపెట్టునప్పుడు వారి సమ్మతి గైకొనవలెనని అది కోరుచున్నది. బడియందు జరిగిన అపచారమునకు ప్రాయశ్చిత్తము బజారువరకు రావలెనని ఆ సంఘమువారు గ్రహించుట వివేకము.

ఆంటిగొనిష్ సమీపమున పెద్దరోడ్డును వీడి పామ్‌కెట్ రేవునకు పోయితిమి. చూచుటకు అచ్చట ఏమియు లేదు. లోతులేని ఉప్పునీటి కయ్య, ఒడ్డున రెల్లు, దూరమున రెండుమూడు ఇండ్లు. అయినను కెనడా న్యాయచరిత్రమున ఈ కయ్యకు గల స్థానము గొప్ప గొప్ప రేవులకు లేదు. 1993 ఆగస్టులో డొనాల్డ్ మార్షల్ జూనియర్ అను మిక్‌మాక్ గృహస్థు ఈ నీటిలో వల పన్ని, 463 పౌనుల మలుగుచేపలు పట్టి, 787 డాలర్ల 10 సెంట్లకు విక్రయించెను. లైసెన్సు లేక పట్టుట, లైసెన్సు లేక అమ్ముట, నిషిద్ధకాలమున నిషిద్ధమైన వల వాడుట అను నేరములు ఆతనిపై మోపబడినవి.

ఈ మార్షల్ అంతకుమున్నే న్యాయస్థానముల నెరిగినవాడు. సిడ్నీ పట్టణపు తోటలో 1971లో జరిగిన హత్యకై పదునేడేండ్ల ప్రాయమున పట్టుబడి, తాను చేయకున్నను చేసితివని నిర్ణయింపగా చెరకు పోయి, పదునొకండు సంవత్సరములు అందు గడిపి, నిర్దోషియని తేలి బయటపడినవాడు. ఆ ఘోరము ఎట్లు సంభవించెనో విచారించుటకు నియమింపబడిన రాయల్ కమిషను, ఆతడు ఆదివాసి యగుటయు అందులకొక కారణమని స్పష్టముగా చెప్పినది. అట్టివాడు రెండవమారు బోనెక్కి, ఈ పర్యాయము చేపలు పట్టలేదని గాని అమ్మలేదని గాని అనక, 1760 నాటి ఒడంబడికను ముందుంచెను. సర్కారు అంగడికి సరకు తెచ్చి అమ్ముమని మా పూర్వులతో నొడంబడితిరి గదా, అమ్ముటకు హక్కు లేనివాడు అంగడికేమి తెచ్చును, పట్టుటకు హక్కు లేనివాడేమి అమ్మును, అనునదియే ఆతని వాదపు సారము. 1999 సెప్టెంబరు 17న కెనడా సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో ఆ వాదము నంగీకరించి, బిన్నీ న్యాయమూర్తి వ్రాసిన తీర్పుద్వారా, చేపల వేటవలనను వర్తకమువలనను మితమైన జీవనోపాధి పొందు హక్కు ఆ జాతికి కలదని నిర్ణయించెను. ఎనిమిదివందల డాలర్లకైనను చాలని మలుగుచేపల బేరము, రెండు శతాబ్దములకు పైగా మూతపడియున్న అంగడి తలుపును తట్టినది.

ఒడ్డున నిలిచి ఈ కథ చెప్పుచుండగా నా యువమిత్రుడు, "మాస్టారూ, మా నాన్నగారు గిరిజన సహకార సంస్థ డిపోలో సేల్సుమన్‌గా చేశారండీ. సవరలు చింతపండు, కుంకుళ్లు తెస్తే తూచి కొని, ఉప్పు, కిరసనాయిలు అదే డిపోలో ఇచ్చేవారు. ఈ ట్రక్‌హౌసు కూడా అలాంటిదే కదండీ?" అనెను. ఆ పోలిక నన్ను చాలసేపు ఆలోచింపజేసినది. షావుకార్ల దోపిడినుండి మన్యవాసులను కాపాడుటకు 1956లో విశాఖపట్టణము కేంద్రముగా మన ప్రభుత్వము స్థాపించిన ఆ సంస్థకు, 1979 నాటి నిబంధనచే, ఏజెన్సీ అటవీఫలసాయమును కొను గుత్తహక్కును లభించెను. సదుద్దేశమున స్థాపింపబడిన సంస్థ అది. ఎన్నో కుటుంబములను వడ్డీవర్తకుని గుప్పిటనుండి విడిపించినది. అయినను తూనిక ఎవరిచేత నున్నది, ధర ఎవరు నిర్ణయించుచున్నారు అను ప్రశ్న, నాటి నోవా స్కోషియాలోవలెనే మన పాడేరులోను, సీతంపేటలోను గూడ నిలిచియే యున్నది. అమ్మువాడు ఎల్లకాలము అమ్మువాడుగనే యుండి, తూకపురాయి ఎల్లకాలము పరులచేతనే యుండుట సంపూర్ణమైన న్యాయము కాజాలదు.

కాన్సో జలసంధిపై 1955లో వేయబడిన రాతికట్టమీదుగా దీవిని చేరితిమి. ఆ పైని దారి బ్రాడోర్ సరస్సు అంచుల వెంబడి కొండలు ఎక్కుచు దిగుచు, ఎరుపెక్కిన మేపులు వనములగుండ సాగును. ఆ సౌందర్యమును వర్ణించిన యాత్రాగ్రంథములకు కొదువలేదు గనుక నేను మరల వర్ణింపను.

సిడ్నీ పట్టణమున కింగ్స్ రోడ్డనునది రేవు వెంబడి పోవు రహదారి. మిక్‌మాక్ కుటుంబములు ఈ రోడ్డు ప్రక్కన, నీటియొడ్డున, తమకు ప్రత్యేకింపబడిన చిన్న రిజర్వులో కాపురముండెడివి. పట్టణము పెరిగినకొలది ఆ నేల విలువయు పెరిగెను. ఇరుగుపొరుగు ధనికుల కన్ను దానిపై బడెను. ఎనిమిదివేల జనసంఖ్య దాటిన పట్టణముల చెంతనుండి ఆదివాసులను కోర్టు ఉత్తర్వుతో తరలింపవచ్చునని 1911లో చట్టమును సవరించియుంచిరి; దాని ప్రకారము 1916లో ఎక్స్‌చెకరు కోర్టు ఉత్తర్వు నిచ్చెను; 1926లో ఆ కుటుంబములను రేవునకు దూరముగా మెరకమీది చిత్తడినేలకు పంపిరి. ఆ మెరకయే నేటి మెంబర్టూ. ఒడ్డున నుండి చేపలును, బుట్టలును, కర్రసామానులును పట్టణవాసులకు అమ్ముకొనుచు బ్రతికినవారికి నీరు దూరమయ్యెను, గిరాకి దూరమయ్యెను.

ఈ దూరము చేయుట ఒక్క సిడ్నీలోనే జరిగినది కాదు. 1876 నాటి ఇండియన్ చట్టముక్రింద రిజర్వుభూమి రాజుపేర నుండును. ఆ చట్టపు నేటి రూపమందలి 89వ ప్రకరణముచే రిజర్వునందలి ఆస్తిని ఇతరులు జప్తు చేయరాదు. భూమి చేజారకుండుటకు ఈ రక్షణ అవసరమే. మన ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరుల పరము కాకుండ కాచు 1/70 నిబంధన యొక్క విలువ ఎరిగినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కాని తాకట్టు పెట్టరాని భూమిపై బ్యాంకు అప్పీయదు, అప్పు పుట్టనివాడు టెండరుకు ధరావతు కట్టలేడు, ధరావతు లేనివాని దరఖాస్తును ఏ ఇంజనీరును విప్పిచూడడు. పడమటి మైదానములలోనైతే ఇంతకన్న ఘోరము. రిజర్వు రైతు తాను పండించిన గోధుమలను, తాను పెంచిన పశువులను అమ్ముకొనుటకు ప్రభుత్వ ఏజెంటు అనుమతిచీటీ పొందవలసి యుండెను. కాలక్రమమున ఆచరణలో సడలినను, ఆ అనుమతిచీటీ నియమము శాసనగ్రంథమునుండి కొట్టివేయబడినది 2014లో మాత్రమే. ప్రజలు వ్యాపారమున వెనుకబడిరని వగచువారు, వారిని వ్యాపారమునుండి వెనుకకు లాగిన శాసనములను ఒక్కమారు చదువవలెను.

సిడ్నీలో నేను మిక్కిలి శ్రద్ధతో చూచిన స్థలము ఓపెన్ హార్త్ పార్కు. పచ్చికబయళ్లు, ఆటస్థలములు, నడకదారులు. పిల్లలు పరుగులిడుచున్నారు. ఈ పచ్చిక అడుగున ఉత్తర అమెరికాలోకెల్ల మిక్కిలి విషపూరితములని పేరుమోసిన తారు మడుగులు పూడ్చబడియున్నవి. 1901లో ఆరంభమైన ఉక్కు కర్మాగారమును, దాని ప్రక్కని కోకు బట్టీలును దాదాపొక శతాబ్దము విడిచిన మురికి, మగ్గా క్రీకు అను సాగరపాయలో చేరి, ఏడులక్షల టన్నుల విషపు బురదగా పేరుకొనెను. కర్మాగారము 2001లో మూతపడెను. 2004లో సమాఖ్య, రాష్ట్ర ప్రభుత్వములు రెండును కలిసి నలువది కోట్ల డాలర్ల వ్యయముతో శుద్ధిచేయ నిశ్చయించి, బురదలో సిమెంటు కలిపి గట్టిపరచి, పైన మన్ను కప్పి, 2013 నాటికి ఈ ఉద్యానమును నిలిపిరి.

ఈ మహాకార్యపు తొలి పనులలో నొకటియైన కూలింగ్ పాండు శుద్ధి, ఆదివాసి సంస్థలు మాత్రమే పోటీపడునట్లు ప్రత్యేకింపబడెను. అందులకు ఆధారము 1996లో సమాఖ్యప్రభుత్వము ప్రారంభించిన కొనుగోలు విధానము. సరకు గాని సేవ గాని ముఖ్యముగా ఆదివాసి ప్రజలకే చేరునదైనచో ఆ కంట్రాక్టును వారి సంస్థలకే ప్రత్యేకింపవలెననియు, ఇతరత్ర శాఖలు తమ ఇచ్ఛానుసారము ప్రత్యేకింపవచ్చుననియు, సంస్థలో నూటికి 51 పాళ్ల యాజమాన్యమును అదుపును ఆదివాసులచేత నుండవలెననియు, ప్రత్యేకించిన పని విలువలో మూడవవంతు వారే చేయవలెననియు ఆ విధానము నిర్దేశించినది. చట్టపుస్తకములో ఈ నియమములు పొడిగా కనబడును. మడుగుల యొద్ద అవి యెట్లు ప్రాణము పోసికొన్నవో అచ్చటివారు నాకు వివరించిరి. దీవియందలి ఐదు మిక్‌మాక్ సమాజములు, మెంబర్టూ, ఎస్కసోని, పొట్లొటెక్, వాగ్మట్‌కుక్, వేకొక్మా, వేరువేరుగా పోటీపడి చెడుట మాని, ఉమ్మడిగా ఒక ఆర్థికప్రయోజన కార్యాలయము నేర్పరచుకొనినవి. రాబోవు పనులేవో ముందుగా తెలిసికొని, వానికి కావలసిన విద్యలను యువకులకు నేర్పించి, కంట్రాక్టు పిలిచిన నాటికి మనుష్యులు సిద్ధముగా నుండునట్లు చూచుట దాని ధర్మము. నా మతమున ఈ కార్యమందలి కీలకమిదియే. టెండరు ప్రకటనకును గడువుదినమునకును మధ్యనున్న కొలదివారములలో ఎవ్వడును భారీయంత్రము నడుపుట నేర్చుకొనలేడు. తలుపు తెరచితిమని చెప్పుకొనుట సులభము. గడపవరకు నడువగల బలమును ముందుగా నీయని తెరపు నిష్ఫలము.

మెంబర్టూలో నేడు సభాభవనము, హోటలు, దుకాణముల వరుస, పాఠశాల, వైద్యశాల కలవు. 1984లో టెరీ పాల్ ఆ సమాజమునకు అధిపతి యయ్యెను. తొంబదులలో ఆ గ్రామపరిపాలన అప్పులలో మునిగియుండగా, బయటి ప్రపంచమున చదువుకొని ఉద్యోగములు చేయుచున్న తమ బిడ్డలను తిరిగి పిలిపించి, హాలిఫాక్సులో కార్యాలయము తెరచి, పెద్దపెద్ద సంస్థలతో ఒప్పందములు చేసికొని, 2002లో ఐఎస్ఓ 9001 ప్రమాణపత్రమును పొంది, తమ లెక్కలు ఎవరైనను తనిఖీ చేయవచ్చునని చాటిరి. ఆదివాసి ప్రభుత్వములలో ఆ పత్రమును పొందినది మెంబర్టూయే మొదట. వారి రాబడిలో జూదశాలలనుండి వచ్చు భాగమును కలదు. దానిని గూర్చి ఆ సమాజమందే భిన్నాభిప్రాయములున్నవి, నాకును ఆ మార్గము రుచింపదు. కాని ఆ సొమ్ముకూడ పాఠశాలకును ఇండ్లకును పోవుచుండుట చూచినప్పుడు, వేరు దారులన్నియు మూసినవారు ఈ దారిని నిందించుటకు అర్హులు కారని తోచును.

2020 శరత్తులో, మార్షల్ తీర్పును ఆధారముగా గొని లాబ్‌స్టర్లను పట్టిన మిక్‌మాక్ బెస్తలపై నోవా స్కోషియా నైరుతితీరమున మూకలు దౌర్జన్యము చేసి, వారి సరకు నిలువయుంచిన గిడ్డంగిని తగులబెట్టిరి. సరకును కొన సాహసించువారే కరవైరి. హక్కు కోర్టులో గెలువబడినను, కొనువాడు లేనిచో హక్కు వలలోనే కుళ్లిపోవును. ఆ శరత్తులోనే, మెంబర్టూయు న్యూఫౌండ్లాండులోని మియావ్‌పుకెక్‌ను నాయకత్వము వహించిన మిక్‌మాక్ కూటమి, ఒక భాగస్వామితో కలిసి, క్లియర్‌వాటర్ సీఫుడ్స్ అను మహాసంస్థను దాదాపు నూరుకోట్ల డాలర్ల ఒప్పందమున కొనుచున్నట్లు ప్రకటించెను. 2021 జనవరిలో అది పూర్తియై, సగము యాజమాన్యము వారి చేతికి వచ్చెను. ఆదివాసి సమాజములే నడుపుకొను ఫస్ట్ నేషన్స్ ఫైనాన్సు అథారిటీ వారికి ఇరువదియైదు కోట్ల డాలర్ల దీర్ఘకాలిక ఋణమిచ్చెను. 787 డాలర్ల సరకు అమ్మినందుకు బోనెక్కింపబడిన వాని స్వగ్రామమే ఈ మెంబర్టూ. 2009లో మరణించిన మార్షల్ ఈ దినమును చూడలేదు.

2021 ఆగస్టులో సమాఖ్యప్రభుత్వము తన కంట్రాక్టుల మొత్తపు విలువలో కనీసము నూటికి ఐదు పాళ్లు ఆదివాసి సంస్థలకు చేరవలెనని ప్రతి శాఖకును విధించెను. ఆ యేటి జనాభా లెక్కలలో పదునెనిమిది లక్షల ఆదివాసులు నూటికి ఐదుగురుగా తేలిరి. కావున అంకె జనసంఖ్యకు సరిపోవుచున్నది. కాని 2024లో పార్లమెంటు సంఘముల యెదుట, పేరునకు మాత్రము ఆదివాసిని ముందుంచి పనిని, లాభమును ఇతరులు కొనిపోవు బినామీ సంస్థలను గూర్చిన సాక్ష్యములు వెలువడినవి. మన దేశమున చిన్నపరిశ్రమలనుండి ప్రభుత్వము కొనవలసిన నూటికి 25 పాళ్లలో, షెడ్యూల్డు కులములకును తెగలకును చెందినవారి సంస్థలకు 4 పాళ్లు కేటాయించిన, 2012లో వెలువడి పిమ్మట సవరింపబడిన ఉత్తర్వును ఎరిగినవారికి, కేటాయించుట వేరు, చేరుట వేరు అను సంగతి క్రొత్తగాదు. కావున ఏ దేశముననైనను లెక్క తీయవలసినది కంట్రాక్టు మీది సంతకమువద్ద గాదు. కూలి యెవరి ఇంటికి పోయెను, పని నేర్చినదెవరు, లాభము ఏ గ్రామమున ఖర్చయ్యెను అను చోట తీయవలెను. ఎవరు ఆదివాసి యను నిర్ణయమును దరఖాస్తుదారుని మాటకు వదలక, ఆయా జాతుల సమాజములకే అప్పగించుట న్యాయమని మెంబర్టూలో నేను కలిసినవారనిరి. నేనును దానితో ఏకీభవించుచున్నాను.

కెనడాలో నేడు తెలుగువారు వేలసంఖ్యలో సంస్థలు నడుపుచున్నారు, సంస్థలలో పనిచేయుచున్నారు. ప్రభుత్వపు కంప్యూటరు కంట్రాక్టులకు దరఖాస్తు పెట్టువారును వారిలో నున్నారు. వారికి నా విన్నపమొక్కటే. ఆదివాసి భాగస్వామిని వెదకునప్పుడు ఆతని పేరును కాగితము కొరకు అద్దెకు తీసికొనకుడు. పనిలో మూడవవంతు ఆతనివారిచే చేయించుడు, మీ విద్యను వారి బిడ్డలకు నేర్పుడు, లెక్కల పుస్తకము వారి యెదుట విప్పియుంచుడు. మీరు కాపురమున్న ఆ నేలమీద 1760లో వ్రాయబడిన బాకీ ఇంకను తీరలేదు.